బొటనవేలికి తెలిసింది

బెజవాడ గవర్నర్‌పేట తుపాకుల కొట్లో, ఖాళీ తూటాల అడుగున, నిప్పు పుట్టించే మందుటోపీ నొక్కే చేతి పరికరాలు రెండు, పెద్దదొకటి చిన్నదొకటి, బల్ల మీదున్నాయి. వాటి ముందు భార్యాభర్తలిద్దరు నిలబడ్డారు. యుద్ధంతో సీమ తూటాలు రావడం ఆగిపోయాక, భర్త కాల్చేసిన ఇత్తడి తూటాలను ఇంట్లో మళ్లీ నింపుతున్నది ఆవిడే. ఆవిడ చూపు చిన్నదాని మీదే ఉంది.

“పెద్దదే తీసుకుందాం. పిడి చూడు, ఎంత పొడుగో!” అన్నాడు భర్త.

“అంత పిడితో నొక్కితే టోపీ నలిగిపోద్దండీ.”

“నువ్వు అప్పడాల కర్రతో నొక్కితే సగమే దిగిందిగా! కొల్లేట్లో, చుట్టాలందరి ముందూ, తుపాకీ టిక్కుమని ఊరుకుంది. బాతులైనా బెదరలేదు!”

“అందుకేగా ఇంతదూరం వచ్చాం! ఏదీ, ఈ మందులేని టోపీని మీ పెద్దదాంతో నొక్కండి.”

“ఇదిగో... అరెరె, చితికిపోయిందే!”

“ఇప్పుడు ఆ చిన్నది నాకివ్వండి. అబ్బ! టోపీ అడుక్కి తగలగానే బొటనవేలికి తెలిసిపోయిందండీ! తడిమి చూడండి.”

“భలే, అంచుకి సమంగా కూర్చుందే! ఇదే కట్టించేద్దాం. ఈసారి మొదటి దెబ్బకే బాతు పడాల్సిందే!”

“పడుద్ది. పడవలో తుపాకీ పట్టుకుని ముందు కూర్చునేది నేనేగా!”

“నువ్వా?”

“పేలకపోతే నా చేతి తప్పంటారు, పేలితే మీ గురి గొప్పంటారు. ఈసారి చెయ్యీ, గురీ రెండూ నావే!”