అయ్యగారిని నేను విమానం ఎక్కించిన విధం

"కూర్చోండి సెక్రటరీ గారూ, అలా చివర కాదు, చివర కూర్చుంటే ఆ బల్ల రెండో వైపు లేస్తుంది, మధ్యకు జరగండి. అక్కా, నాలుగు టీలు. ఇప్పుడు నా మాట వినండి. దీవుల్లోని సంఘం నుంచి వచ్చిన ఆహ్వానంలో ఇద్దరికి చోటుంది. ఒక పేరు మన పాస్టరు అయ్యగారిది, అందులో మాటే లేదు. రెండో పేరు ఈ సాయంత్రంలోగా పంపాలి. మీరు టైలరు పేరు రాద్దామనుకుంటున్నారని నా చెవిన పడింది. టైలరు మంచివాడే, నా ప్యాంట్లన్నీ కుట్టేది ఆయనే. కానీ వీసా తేవడమంటే జేబు కుట్టడం కాదండీ. పోయిన ఏడాది అయ్యగారిని విమానం ఎక్కించింది ఎవరు? చెప్పండి, ఎవరు?"

ఎవరో చెప్పక్కర్లేదు. ఆదివారం ఆరాధన ఇప్పుడే ముగిసింది, మందిరం ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్లల మీద సంఘం కమిటీ కూర్చుంది, వాళ్ల ముందు నిలబడి మాట్లాడుతున్నది మైకాయన. ప్రతి ఆదివారం మందిరంలో మైకు, స్పీకర్లు సర్దేది ఆయనే. ఆయనకు మాత్రం మైకు అక్కర్లేదు.

"వీసా ఆఫీసుకీ విమానాశ్రయానికీ నువ్వు సాయం వెళ్లావని తెలుసు," అన్నాడు సెక్రటరీ, రిటైరైన పోస్టుమాస్టరు. "అక్కడ ఏం చేశావో ఎవరికీ తెలీదు. అయ్యగారు పన్నెండు రోజులకే దీవులు చూడకుండా తిరిగొచ్చారు. ఈసారీ అలాగే అయితే వాళ్లు ఇంకో బోధకుణ్ణి పిలుచుకుంటారు, ఆ మాట ఉత్తరంలోనే రాశారు."

"అందుకే కదా చెప్తున్నాను. మొదటి సంగతి వీసా ఫారం. అయ్యగారు నోటితో గానీ చేత్తో గానీ అబద్ధం ఆడరు కదా, ఆ ఫారం ఆయన ఎలా నింపారో తెలుసా? 'ప్రయాణం దేనికి' అన్న చోట 'ఆత్మల కోసం' అని రాశారు. 'ఎన్ని రోజులు ఉంటారు' అన్న చోట 'దేవుడి చిత్తం'. 'ఖర్చు ఎవరు భరిస్తారు', 'ఆయనే'. 'పని అయ్యాక మీ దేశానికి తిరిగి వెళ్తారా' అన్న చోట ఏం రాశారనుకున్నారు? 'ఈ లోకంలో ఎవరం శాశ్వతం కాదు' అని రాశారు. కౌంటరులో అమ్మాయి అది చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. కొత్త ఫారం తీసుకుని, 'సోదరులను చూడటానికి, మూడు నెలలు, అక్కడి సంఘం, తప్పకుండా వస్తాను' అని నాలుగు ముక్కల్లో తేల్చేశాను. దెబ్బకు ఫారం లోపలికి వెళ్లిపోయింది."

"ఇది మాత్రం నిజమే అయ్యుంటుంది," అంది టీ కొట్టు అక్క గ్లాసులు పెడుతూ. "అయ్యగారు అలాగే రాస్తారు."

"అన్నీ నిజాలే అక్కా, విను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను ఫారం నింపడం వెనకున్న ఒకాయన చూశాడు. బాబ్బాబూ, నాదీ నింపవా అన్నాడు. సరేనన్నాను. ఆయన వెనకాయన, ఆ వెనకావిడ, అలా లైను మొత్తం నా దగ్గరికి తిరిగింది. నాలుగు వందల మంది. ఒక్కొక్కరిదీ చదవడం, తప్పు దిద్దడం, ఫోటో అంటించడం, పంపడం. మధ్యాహ్నం రెండయ్యేసరికి నాలుగు వందల వీసాలు వచ్చేశాయి, లోపల స్టాంపు అరిగిపోయి నున్నగా తయారైంది, ఇంకో ఊరి నుంచి కొత్త స్టాంపు తెప్పించారు. పెద్ద అధికారి అద్దాల గదిలోంచి బయటికొచ్చి, తర్వాత ఎవరిని పంపమంటారు సార్ అని నన్ను అడిగాడు."

"ఏ భాషలో అడిగాడన్నా?" అన్నాడు టైలరు. ఆయన ఎక్కువ మాట్లాడడు. మాట్లాడితే మెత్తగానే మాట్లాడతాడు.

"వాళ్ల భాషలో. నేనూ వాళ్ల భాషలోనే చెప్పాను. పొద్దున ఎనిమిదింటికి లైనులో నిలబడ్డప్పుడు ఒక్క ముక్క రాదు. కిటికీలోంచి వినపడుతూనే ఉంది కదా, పదింటికి అర్థమైంది, పన్నెండింటికి మాట్లాడాను, రెండింటికి వాళ్ల తప్పులు దిద్దాను. ఎందుకలా చూస్తావు టైలరూ, చెవులున్నవాడికి అదేం పెద్ద విద్య కాదు. మైకు పట్టేవాడికి చెవే కదా ఆధారం."

సెక్రటరీ జేబులోంచి పెన్ను తీశాడు. మూత మాత్రం ఇంకా తీయలేదు. మైకాయన అది చూశాడు, గొంతు ఇంకో మెట్టు ఎక్కింది.

"ఇక విమానాశ్రయం. సాగనంపేవాళ్లు గేటు దగ్గరే ఆగిపోవాలి. అందరికీ అదే రూలు. నేను అయ్యగారి పెట్టె పట్టుకుని నిలబడ్డాను. గేటు దగ్గర పోలీసాయన నన్ను ఎగాదిగా చూసి, నాలుగు వందల వీసాల సారు మీరేనా అన్నాడు. నేనే అన్నాను. లోపలికి దయచేయండన్నాడు. టికెట్టు లేదు బాబూ అంటే, మీకు టికెట్టేంటి సార్ అన్నాడు. సరే, అంత మర్యాదగా పిలిచాక వెళ్లకపోతే బాగుండదు కదా. ఎక్కాను. సీట్లన్నీ నిండిపోయాయి, డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు."

"విమానానికి డ్రైవరంటారా?" అన్నాడు సెక్రటరీ.

"నేను డ్రైవరనే పిలిచాను, ఆయనేం అనుకోలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దీవులకు నేరుగా విమానం లేదు. మధ్యలో ఒక దేశంలో దిగి ఇంకో విమానం మారాలి. దిగాం. అక్కడ, అదిగో, అక్కడ ఆపేశారు."

"ఎందుకాపారన్నా?" అన్నాడు టైలరు.

"ఎందుకంటే... ఆపుతారు మరి. పెద్దవాళ్లు వస్తే ఆపరా? అయ్యగారిని ఒక గదిలో కూర్చోబెట్టారు. నేను ఊరుకుంటానా? నేరుగా వాళ్ల పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన పై ఆయన దగ్గరికి వెళ్లాను. ఇంకా పైకి వెళ్తే మంత్రి, మంత్రి తర్వాత ఇంకెవరూ లేరు, కొండ మీద వాళ్ల దేశాధ్యక్షుడి ఇల్లు కనబడుతోంది. ఇంతలో గదిలో కూర్చున్న అయ్యగారు ఊరుకోక ప్రసంగం మొదలుపెట్టారు. ఆయన మొదలుపెడితే మీకు తెలుసుగా. ఊడ్చేవాళ్లు చీపుర్లు పక్కన పెట్టేశారు. సామాన్లు మోసేవాళ్లు మోయడం ఆపేశారు. టికెట్లు చూసేవాళ్లు చూడటం ఆపేశారు. చివరికి విమానాలు నడిపేవాళ్లు టోపీలు తీసి చంకలో పెట్టుకుని వచ్చి నేల మీద కూర్చున్నారు. ఒక్క విమానం లేవదు, ఒక్క విమానం దిగదు."

"దిగకపోతే పైనున్నవాళ్లు ఏమయ్యారు?" టీ కొట్టు అక్క పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా అడిగింది.

"అదీ ప్రశ్న. అక్కా, పాలు. పైనున్నవన్నీ గుండ్రంగా తిరుగుతున్నాయి. డెబ్బై విమానాలు, ఆకాశంలో ఒకదాని వెనక ఒకటి, అచ్చం వీసా ఆఫీసు లైనే. కింద ఆ ఎత్తు మేడ ఉంటుంది చూడండి, విమానాలతో మాట్లాడే మేడ, అక్కడి మనుషులు తల పట్టుకున్నారు. మైకు కీచుమంటోంది, పైవాళ్లకు ఒక్క మాట వినపడటం లేదు. మెట్లెక్కి వెళ్లాను. వైరు వదులుగా ఉంది, అంతే. మన మందిరంలో నెలకోసారి వచ్చే రోగమే. బిగించి, ఊది, హలో హలో అన్నాను. ఆకాశమంతా వినపడింది. ఎర్రతోక విమానం కాస్త పక్కకు జరగాలి, తెల్లది ముందుకు రావాలి, చిన్నది తొందరపడకు నాన్నా అని పేరుపేరునా పిలిచి డెబ్బై విమానాలనూ దించాను. కాఫీ కప్పు కూడా తొణకలేదు."

బల్ల మీద కూర్చున్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ముందుకు వంగి కూర్చున్నారు. నిజమో కాదో అందరికీ తెలిసినా, ఆపితే బాగుండదన్నట్టు వింటున్నారు. సెక్రటరీ కళ్లు తుడుచుకుని పెన్ను మూత తీశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండ మీద నుంచి దేశాధ్యక్షుడే దిగొచ్చాడు. నా చెయ్యి పట్టుకుని, మీకేం కావాలో కోరుకోండన్నాడు. నాకేం వద్దు, మనుషులకు ఈ వీసాల బాధ తప్పించండన్నాను. ఆ క్షణమే రద్దు చేశాడండీ. రెండింటి నుంచి నాలుగింటి వరకు ఆ దేశంలో వీసాలు లేవు. ఎవరెటు పోవాలన్నా పోవచ్చు. ఇంత జరిగాక మనకు గొప్ప పేరొచ్చేస్తుందని భయపడి, అయ్యగారూ, మనం నలుగురి నోళ్లలో పడకూడదు, పదండి ఇంటికి అని నేనే వెనక్కి తీసుకొచ్చాను. రాయండి సెక్రటరీ గారూ, నా పేరు రాయండి. రెండోసారి వెళ్తే నన్ను వాళ్లు గుర్తుపడతారు."

"అన్నా," అన్నాడు టైలరు, "వీసాలే రద్దయ్యాక దీవులకు పోవచ్చు కదా. అసలు అయ్యగారిని ఎందుకు ఆపారు?"

మైకాయన టీ గ్లాసు ఎత్తాడు. అందులో టీ అయిపోయింది.

"నేను చెప్తాను," అంది వెనక నుంచి ఒక గొంతు. అయ్యగారి భార్య. హ్యాండు బ్యాగు చంకలో పెట్టుకుని ఎంతసేపటి నుంచి నిలబడి వింటోందో ఎవరూ చూడలేదు. అందరూ లేచారు. అమ్మగారు కూర్చోలేదు.

"ఆయన చెప్పొద్దన్నారు, ఏడాది పాటు చెప్పలేదు. ఇప్పుడు పక్కన వెళ్లే మనిషి పేరు రాస్తున్నారు కాబట్టి చెప్పక తప్పదు. ఆ రోజు గేటు దగ్గర నేనూ ఉన్నాను. మన మైకు తమ్ముడు ఆయన పాస్‌పోర్టు అడిగి తీసుకున్నాడు, చివరిగా ఒక్క ప్రార్థన చేస్తానని. జేబులోంచి ప్రార్థన నూనె సీసా తీశాడు. మనం రోగుల నుదుట వేలితో ఒక బొట్టు పెడతాం కదా, దూర ప్రయాణానికి బొట్టు చాలదనుకున్నాడో ఏమో, ఫోటో ఉన్న పేజీ తెరిచి సీసా మొత్తం వంపేశాడు. నేను కొంగుతో తుడిచాను. ఇక్కడ ఎలాగో పంపేశారు. అక్కడ దిగేసరికి నూనె పేజీల్లోకి ఇంకిపోయింది. ఫోటోలో మొహం లేదు, అక్షరాలు అలికేసినట్టయ్యాయి. మిషను చదవలేదు. ఇది నీ పాస్‌పోర్టే అని ఏంటి నమ్మకం అన్నారు. పన్నెండు రోజులు ఆ గదిలో కుర్చీ మీద పడుకున్నారాయన. బీపీ మాత్రలేమో పెట్టెలో, పెట్టేమో దీవుల్లో. నేను ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. కొత్త పాస్‌పోర్టు రావడానికి ఏడాది పట్టింది."

సెక్రటరీ పెన్ను మూత పెట్టేశాడు.

"మరి మైకన్న? డ్రైవరు పక్క సీటు?" అంది టీ కొట్టు అక్క.

"తమ్ముడు గేటు దాటలేదమ్మా. నాతోపాటే బస్సెక్కి మా ఇంటికొచ్చాడు. భోజనం చేసి వెళ్లాడు."

మైకాయన మొహం చూడటానికి అందరికీ ఇబ్బందిగా అనిపించింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు. గొంతు ఎంత చిన్నదైపోయిందంటే పక్కనున్న టైలరు కూడా చెవి ఒగ్గాల్సి వచ్చింది.

"మిషను పాడైందని చెప్పారమ్మగారూ నాకు. అయ్యగారే చెప్పారు. పన్నెండు రోజులు ఏం జరిగిందో ఆయన చెప్పరు, అందరూ నన్నే అడుగుతారు, ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నా వల్లేనని తెలిస్తే..." ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మిషను పాడైందన్నారు. అబద్ధం ఆడని మనిషి."

"నీ కోసం ఆడారు," అంది అమ్మగారు. "ఆ ఒక్కటే ఆడారు."

"టైలరు పేరు రాయండి సెక్రటరీ గారూ," అన్నాడు మైకాయన.

సెక్రటరీ రాశాడు. టైలరు మైకాయన భుజం మీద చెయ్యి వేశాడు. అమ్మగారు బ్యాగు తెరిచి నిన్ననే వచ్చిన కొత్త పాస్‌పోర్టు తీసింది. కాగితాలు పంపేముందు కమిటీ అంతా దాని కోసం ఒక్క మాట ప్రార్థన చేస్తే బాగుంటుందని తెచ్చానంది. అందరూ తలలు వంచారు. మైకాయన కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ ఒకడుగు ముందుకు వేసి చెయ్యి చాపాడు.

అమ్మగారు పాస్‌పోర్టును గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"ప్రార్థన నువ్వే చెయ్యి తమ్ముడూ, నీ ప్రార్థన మాకు కావాలి," అంది. "అక్కడే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చెయ్యి."