వీధి తలుపు పక్కన అర

నువ్వు నమ్మవని నాకు ముందే తెలుసు అమ్మాయీ. ఈ ఏడు మీతో ఆ పరాయి దేశం రాలేను, మోకాళ్ళ నొప్పులన్నాను, నమ్మలేదు. విమానం పడదన్నాను, నవ్వావు. సరే, ఇప్పుడు చెప్పబోయేది కూడా నమ్మకు చూద్దాం. నీ వల్ల అవుతుందేమో.

పోయినేడు మన కాలేజీ పిల్లలు పన్నెండుమందిని ఆ దేశంలో అనాథ పిల్లల హోమ్‌కి తీసుకెళ్ళింది ఎవరు? నేను. నీకన్నా ముందు ముప్పై ఏళ్ళు నీ కుర్చీలోనే నాటకాల మాస్టారుగా కూర్చున్నవాణ్ణి. అక్కడి భాష ఒక్క ముక్క రాదు. అయితేనేం? పావుగంటలో ఏనుగునయ్యాను, రైలునయ్యాను, తుమ్ము ఆపుకోలేని రాజునయ్యాను. నలభైమంది పిల్లలు నేలమీద పడి దొర్లారు. ఆరేళ్ళుగా నవ్వి ఎరగని వార్డెనమ్మ కూడా నవ్వింది. ఆరేళ్ళో, ఆరు రోజులో, నువ్వు మధ్యలో ఆపకు.

ఆఖరి రోజు బూట్లు పాలిష్ చేసే పని మాకిచ్చారు. నలభై జతలు. మనవాళ్ళు తలా ఒకటి రుద్దేలోపు మిగతావన్నీ నేనే లాగించాను. వాటిలో చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత మెరుపు.

నాకు సాయం ఒక పిల్ల. ఆరేళ్ళుంటాయేమో, ముందు పళ్ళు రెండూ లేవు. మొదటి రోజునుంచీ నా చొక్కా అంచు వదిలితే ఒట్టు. దాని పేరు నాకు నోరు తిరగక బుడంకాయ అనేవాణ్ణి.

పనైపోయాక ఊరికే లేచి రావడం నా ఒంట్లో ఉందా? మిగతా బూట్లన్నీ లోపలి వరండాలో వరసగా ఉన్నాయి. వీధి తలుపు పక్కన గోడకి మాత్రం ఒక అర, ఖాళీగా. బుడంకాయ బూట్లని రెండు చేతులమీద కిరీటంలా మోసుకెళ్ళి, ఆ అరలో పెట్టి, మొదటి బహుమతి ప్రకటించినట్టు నేలదాకా వంగాను.

హాల్లో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. నా నటన పండిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

బుడంకాయ లోపలికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఒంటిమీద కోటు, చేతిలో సంచీ. తలుపు దగ్గర బెంచీ ఎక్కి కూర్చుంది.

మనవాళ్ళలో అక్కడి భాష వచ్చింది ఒక్క అమ్మాయికే. తోటివాళ్ళు కళ్ళజోడు అంటారు. అక్కడి వంటామె వచ్చి దాని చెవిలో ఏదో చెప్పింది. కళ్ళజోడు గబగబా నా దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, ఆ అరలో ఎవరి బూట్లు పెడితే వాళ్ళని ఇంటికి తీసుకుపోవడానికి మనిషి వచ్చినట్టట. మీరే తీసుకెళ్తున్నారనుకుంటోంది. నన్ను చెప్పమంటారా?"

నేనే చెప్తానన్నాను. ఇందులో నేను కలిపిందేమీ లేదు, అక్షరాలా అదే మాట. బెంచీ దాకా వెళ్ళాను కూడా. నన్ను చూసి పిల్ల పక్కకి జరిగి చోటిచ్చింది.

కూర్చోలేదు. బస్సుకి టైమైందని, వంటింటి వైపునుంచైతే దగ్గరదారని చెప్పి అందర్నీ అటునుంచి తోలేశాను.

బస్సు మళ్ళీ ముందు గుమ్మం మీదుగానే పోవాలి. అది నా బుర్రకి తట్టలేదు. బుడంకాయ మెట్లమీద నిలబడి ఉంది, ఆ మెరిసే బూట్లు తొడుక్కుని. నేను సీట్లో కిందికి వంగి లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాను. మలుపు తిరిగేదాకా కట్టుకుంటూనే ఉన్నాను. ముప్పై ఏళ్ళలో అంత సహజంగా ఏ వేషమూ కట్టలేదు.

రిపోర్టు చదివే వచ్చావుగా. పిల్లలు ఎంతో ఆనందించారు అని రాశాను.

అందుకే రాను. నువ్వు వెళ్ళు. ఆ అర ఎక్కడుందో బొమ్మ గీసిస్తాను, దాని జోలికి ఎవర్నీ పోనివ్వకు. బుడంకాయ కనిపిస్తే... వద్దులే, ఏమీ చెప్పకు.

మళ్ళీ అదే చూపు. ముసలాడు కథ అల్లుతున్నాడనేగా? బస్సులో నా పక్క సీటు ఎవరిదో కనుక్కో. ఆ రోజు నా కాళ్ళకున్నవి చెప్పులు అమ్మాయీ, వాటికి లేసులెక్కడివి? చూసి కూడా నన్నొక్క మాట అనకుండా, కిటికీలోంచి ఆ పిల్లకి చెయ్యి ఊపింది ఒక్కతే. కళ్ళజోడు. వెళ్ళి అడుగు.