మూడు వేల ఆటలూ ఒక ఊరి పేరూ

రాజాంలో భావనారాయణ మాష్టారు నోరు విప్పాడంటే మరిడమ్మ టీకొట్టు ముందు రెండు బెంచీలూ నిండుతాయి. ట్యుటోరియల్లో లెక్కలు చెప్పే మనిషి కదా, కోతలు కూడా లెక్క తప్పకుండా కోస్తాడు. పదిని వంద చేస్తాడే గాని తొంభై తొమ్మిది దగ్గర ఆపడు. ఆ డిసెంబరు సాయంత్రం చంకలో స్పైరల్ బైండింగు పుస్తకం ఒకటి పెట్టుకుని మహా దర్జాగా వచ్చి కూర్చున్నాడు. అప్పుడే జిరాక్సు షాపులో ప్రింటు తీయించి, కట్టించి తెచ్చాడు. ఇంకా తెరవలేదు. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని తీరిగ్గా తెరవాలని అతని ఆశ.

పుస్తకంలో ఉన్నది పేకాట. రమ్మీ కాదు, బ్రిడ్జి. ఇద్దరిద్దరు జోడీ కట్టి, ముందు వేలంలోలా పాట పాడుకుని, ఆపైన ముక్కలు దించే ఆట. అది వచ్చినవాళ్ళు రాజాంలో నలుగురు దొరకరు గనక మాష్టారు రెండేళ్ళుగా నెట్లో ఆడేవాడు. ఎదురుగా జోడీ ఎప్పుడూ నీలవేణే. మొహం చూసింది లేదు, గొంతు విన్నది లేదు. ఇతను ఎంత చెత్తగా ఆడినా ఆమె "పోన్లెండి" అని రాసేది. ఆ ఒక్క మాట కోసం కావాలని ఓడిన రోజులున్నాయి. పెళ్ళి మాట పక్కన పెట్టి యాభై దాటిన మనిషికి, సాయంత్రం ఆరయ్యేసరికి తన కోసం ఒకరు ఎదురుచూస్తున్నారంటే చిన్న సంగతి కాదు.

ఒకసారి నీలవేణి ఆట మధ్యలో తన ఊరూ ఫోను నంబరూ రాసి, ఎప్పుడైనా రమ్మంది. పాడిన పాటలూ వేసిన ముక్కలూ అనుకున్న మాటలూ అన్నీ కంప్యూటర్లో సేవ్ అవుతూనే ఉన్నాయి, ఎక్కడికి పోతుందిలే అని మాష్టారు విడిగా రాసుకోలేదు. అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చింది. పది రోజులకి కరెంటు వచ్చింది గాని నీలవేణి రాలేదు. రెండు నెలలైనా రాలేదు. ఊరి పేరు ఏ రోజు ఆటలో రాసిందో గుర్తు లేదు, చూస్తే మూడు వేల ఆటలు. అవి మనిషి చదివేలా లేవు. అక్షరాలూ అంకెలూ గీతలూ కలిపి రుబ్బినట్టున్నాయి. అందుకని వాటిని చదువుకునే రాతలోకి మార్చే పనికి దిగాడు.

ఇదంతా బెంచీల మీదవాళ్ళకి తెలిసిన సంగతే. కోత ఇక్కణ్ణుంచి.

మొదట చిన్నగానే ఎత్తుకున్నాడు. రెండు రోజులు కూర్చుని ఒక ప్రోగ్రాము రాశానన్నాడు. ఎస్ అని ఉన్నచోట ఇస్పేటు, హెచ్ అని ఉన్నచోట ఆఠీను, అలా మార్చుకుంటూ పోతుందట. "ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు, గ్లాసు పక్కన పెట్టి.

"సెప్పండి మాష్టారూ," అన్నాడు గంగులు. మోపెడ్ మీద ఊరూరా చేపలమ్మి, ఇంటికి పోతూ ఆగినవాడు.

"మీట నొక్కానో లేదో మా ఇంట్లో ఫ్యాను ఆగింది. వీధిలో లైట్లు ఆగాయి. చీపురుపల్లి దాకా రైసుమిల్లులు ఆగిపోయాయిరా. లైన్‌మేను పరిగెత్తుకొచ్చి, మాష్టారూ, తుపానుకి పడ్డ స్తంభాలు ఇప్పుడిప్పుడే లేపాం, ఆ ఇస్పేట్లు కాస్త నెమ్మదిగా మార్చండి అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు."

ఆపైన పగ్గాల్లేవు. మూడు వేల ఆటలు ముప్పై వేలయ్యాయి, మరిడమ్మ రెండో టీ పోసేసరికి మూడు లక్షలు. ఇటలీలో బ్రిడ్జి ఛాంపియనొకడికి ఈ సంగతి ఎలాగో పొక్కి బయల్దేరాడట, విశాఖ ఎయిర్‌పోర్టు తుపానుకి పాడైంది గనక పాసింజరు ఎక్కాడట, చీపురుపల్లిలో దిగాల్సినవాడు నిద్రపోయి కోటబొమ్మాళిలో లేచాడట, అక్కడ ధాన్యం లారీ పట్టుకుని రాజాం వచ్చి, మాష్టారి గుమ్మంలో బూట్లు విప్పి లోపలికొచ్చాడట.

"ఆడికి తెలుగు వస్తాదేటి?" అన్నాడు గంగులు.

"నాకు ఇటాలియన్ రాదని ఎవడన్నాడ్రా?" అన్నాడు మాష్టారు.

ఛాంపియను కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసి, ఇంత శుభ్రంగా ప్రపంచంలో ఎవడూ మార్చలేడు, చెత్తంతా ఏం చేశారు అని అడిగాడట. మాష్టారు పుస్తకాన్ని ఒళ్ళోకి తీసుకుని దాని మీద చెయ్యి వేశాడు.

"ఏరి పారేశానన్నాను. ముక్క కానిది, పాట కానిది ఒక్క అక్షరం ఉంచొద్దని ప్రోగ్రాముకి చెప్పాను, ఒక్కటి ఉంచలేదు. పాత ఫైళ్ళు కూడా తుడిచేశాను, ఇంక వాటితో పనేముంది? ఇంటికెళ్ళగానే ఇందులో నీలవేణి ఊరు వెతుక్కుంటాను. ఆదివారం బస్సెక్కుతాను."

బెంచీల మీద అందరూ నవ్వారు. మరిడమ్మ నవ్వలేదు. టీ వడపోస్తున్నదల్లా గిన్నె దించి, వేళాకోళమేమీ లేకుండానే అడిగింది.

"ముక్క కానిదేటీ ఉంచనేదన్నారు. మరి ఆ యమ్మ ఊరు ముక్కా, పాటా బాబూ?"

జవాబు కోసం ఏనాడూ తడుముకోని మనిషి, ఒళ్ళో పుస్తకం తెరిచాడు. దక్షిణం ఒక ఆఠీను, పడమర పాస్, ఉత్తరం రెండు ఆఠీన్లు. దక్షిణాన తను, ఉత్తరాన ఉన్నది నీలవేణి. పేజీ తిప్పాడు. నడిమిన చూశాడు, చివర చూశాడు. ఆమె దించిన ప్రతి రాణీ ఉంది, ప్రతి జాకీ ఉంది, వరస ఎక్కడా తప్పలేదు. వందలసార్లు రాసిన "పోన్లెండి" ఒక్కటి లేదు.

గంగులు లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇంతసేపూ ఒక్క ముక్క నమ్మనివాడు, ఇప్పుడు బతిమాలుతున్నట్టుగా అడిగాడు.

"ఇదీ కోతే గదా మాష్టారూ? ఫైళ్ళు తుడిసీనేదు గదా? కోతే అని సెప్పీయండి."

అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. మాష్టారు పుస్తకం మూశాడు.

"లైన్‌మేను కోత, గంగులూ. ఇటలీవాడు కోత," అన్నాడు. "ఇది కాదురా."