టోపీ పాట

పశ్చిమ టెక్సస్‌లోని ఒడెస్సా, 1961 ఆగస్టు మధ్యాహ్నం. చమురు బావుల దగ్గర వెల్డింగు పనిచేసే డోయల్ స్ట్రౌడ్ ఇంటి వంటగది. బార్లలో పాటలు పాడే అతని భార్య వెర్నా నాలుగు నెలల తర్వాత ఇంటికి వచ్చింది.

“వెనక తలుపున వచ్చావేం, వెర్నా?”

“ముందు వైపు ఎదురింటి మిసెస్ పెట్టీ వరండాలో కూర్చునుంది. చూస్తుందని.”

“చూస్తే ఏం? నీ ఇల్లేగా. పత్రికలో చదివిన దగ్గర్నుంచి ఆవిడ నన్ను చూస్తే తల తిప్పుకుంటోందిలే. చచ్చినవాణ్ణి పలకరించడం ఎలాగో తెలీక.”

“డోయల్, అలా మాట్లాడకు.”

“సరే, మాట్లాడను. చిక్కుడు గింజలున్నాయి, మొక్కజొన్న రొట్టె ఉంది. తింటావా?”

“ఆకలి లేదు. కాఫీ చాలు.”

“మా షెడ్డులో రేడియో రోజుకి నాలుగుసార్లు నీ పాట వేస్తోంది. అందరూ పనాపి వింటారు.”

“నువ్వో?”

“నేను ముసుగు దించుకుని వెల్డింగు చేసుకుంటాను. మంచి పాటే వెర్నా. పోయిన మొగుడి టోపీకి రోజూ దుమ్ము దులుపుకునే పెళ్లాం. మొదటిసారి విన్నప్పుడు నాకూ కళ్లు చెమర్చాయి. ఆ పోయినవాడు నేనేనని అప్పటికి తెలీదుగా.”

“ఉత్త పాటే అనుకున్నాను, ఒట్టు. రికార్డు కంపెనీవాళ్లే పత్రికకి రాసిచ్చారు, ఈమె మొగుడు బావి మంటల్లో పోయాడని. ముందు నాకు చూపించారు. చూపించాక...”

“చూపించాక?”

“సంతకం పెట్టాను.”

“ఊఁ.”

“తిట్టు డోయల్. ఊఁ అనకు, తిట్టు.”

“ఏమని తిట్టను? పదకొండేళ్లు పాడావు. తాగుబోతులు సీసాలు విసురుతుంటే, అవి తగలకుండా స్టేజీకి అడ్డంగా కోళ్ల గూటి ఇనప వల కడితే, దాని వెనక నిలబడి పాడావు. మైకు నేనే సరిచేసేవాణ్ణి. ఒక్క వెధవా నోరు మూసుకుని వినలేదు. ఇప్పుడు వింటున్నారు.”

“నన్ను కాదు వినేది. విధవని వింటున్నారు. ఆడవాళ్లొచ్చి చేతులు పట్టుకుంటారు. నిజంగా మొగుళ్లు పోయినవాళ్లు! మొన్న లబక్‌లో ఒకామె వాళ్లాయన టోపీ తెచ్చిచ్చింది. నీ దగ్గరుంచుకో అమ్మా అని.”

“తీసుకున్నావా?”

“తీసుకున్నాను.”

“అయ్యో, వెర్నా.”

“బస్సులో పక్క సీట్లో పెట్టుకొచ్చాను. దారి పొడుగునా దానివైపు చూడలేకపోయాను. అందుకే వచ్చాను. శనివారం ఫోర్ట్‌వర్త్‌లో ప్రోగ్రాం ఉంది. నువ్వు నాతో రా. స్టేజీ ఎక్కించి చెబుతాను, ఈయనే నా మొగుడు, బతికే ఉన్నాడు, నేను అబద్ధమాడాను అని.”

“వద్దు.”

“సీసాలు విసిరితే విసరనీ. అలవాటేగా.”

“వద్దంటున్నానా! ఇప్పుడు కుదరదు.”

“ఎందుకు కుదరదు?”

“కాఫీ చల్లారిపోతోంది.”

“డోయల్!”

“మంగళవారం ఒక పత్రికాయన వచ్చాడు. డాలస్ నుంచి, కెమెరా పట్టుకుని. సమాధి ఎక్కడో చూపించమన్నాడు.”

“ఓరి దేవుడా! నిజం చెప్పేశావా?”

“శ్మశానానికి తీసుకెళ్లాను. మా నాన్న దగ్గరికి. ఆయన పేరే కదా నాకు పెట్టింది. రాయి మీద డోయల్ స్ట్రౌడ్ అనే ఉంటుంది. పుట్టిన, పోయిన సంవత్సరాలు కనపడకుండా పూలగుత్తి అడ్డంపెట్టాను.”

“నువ్వా? నువ్వు చేశావా ఆ పని?”

“పూలు కూడా నేనే కొన్నాను.”

“నన్ను ఒక్కమాట అడగకుండా...”

“అడిగితే వద్దంటావు. వద్దంటే మళ్లీ ఆ వల వెనక్కే పోతావు. చూడలేను. అలాగని గొప్ప పని చేశాననీ అనుకోవటంలేదు. మా నాన్నకి మొహం చూపించలేక రాతికి వీపు పెట్టి నిలబడ్డాను.”

“మరి నువ్వెవరని అడగలేదా ఆయన?”

“అడిగాడు. ఆమెకి మీరేమవుతారు అన్నాడు.”

“ఏం చెప్పావు?”

“ఏమీ కానన్నాను. ఆ రోజు మొత్తంలో నాకు అబద్ధమనిపించని మాట అదొక్కటే, వెర్నా.”