గంటల జడ్జి

రేపు పదవీ విరమణ చేయబోతున్న జడ్జిగారి చదువుకునే గది. మధ్యాహ్నం మూడు దాటింది. బల్ల మీద కొత్త పుస్తకాల కట్ట. ఎదురుగా ఆయన పెద్దక్క.

“మా పక్కింటావిడ ఏమందో చెప్పనా? ‘మీ తమ్ముడు గంటల మీద పుస్తకం రాశాడటగా వదినా, దిగిపోయాక గంటల కొట్టు పెడతాడా’ అంది.”

“ఆవిడకేం తెలుసక్కా. అది పరిశోధన. పూర్వం రాజులు కోట వాకిట్లో గంట కట్టించేవారు. అన్యాయం జరిగినవాడు ఎవడైనా వచ్చి—”

“మోగిస్తే?”

“రాజు చేతిలో ఏ పనున్నా వదిలేసి బయటికొచ్చి వినాలి. తొమ్మిదేళ్ళు పట్టింది నాకిది రాయడానికి. ఆరువందల పన్నెండు పేజీలు.”

“మరి నీ గేటు దగ్గర బెల్లు మోగదేం? పావుగంట నొక్కి నొక్కి, వేలు నొప్పెట్టి, చివరికి వంటింటి వైపు నుంచి వచ్చాను.”

“వైరు తీయించాను. రాసుకునేటప్పుడు చికాకు.”

“బాగుంది.”

“వెటకారం వద్దక్కా. రేపు సాయంత్రం వీడ్కోలు సభలోనే దీన్ని ఆవిష్కరిస్తున్నారు. నువ్వు ముందు వరసలో కూర్చోవాలి.”

“రేపు పొద్దున మా వీధి కుట్టుపనావిడ కొడుకు కేసులో తీర్పు చదివేసి రా. ముందు వరసేం ఖర్మ, వేదిక మీద నీ పక్కనే కూర్చుంటా.”

“కేసుల సంగతి నాతో మాట్లాడకూడదు. నేను జడ్జిని. నువ్వు అడగకూడదు, నేను వినకూడదు.”

“వదిలేయమని అడిగానా? శిక్ష ఖాయం చేస్తావో, వదిలేస్తావో నీ ఇష్టం. ఏదో ఒకటి రాసి చావమంటున్నా. గోదాం తగలబెట్టాడని కింది కోర్టు వాడికి ఏడేళ్ళు వేసింది. ఐదేళ్ళు లోపలే అయిపోయాయి. నీ దగ్గర అప్పీలు వాదనలు ముగిసి పదిహేడు నెలలు. అవునా, కాదా?”

“తీర్పు రిజర్వు చేశాను.”

“అంటే?”

“అంటే... విన్నాను, ఆలోచించి తర్వాత చెబుతాను అని.”

“రేపు సాయంత్రం ఐదు లోపల చెప్పకపోతే?”

“నా తర్వాత వచ్చేవారు మళ్ళీ మొదటి నుంచి వింటారు. అది పద్ధతి.”

“ఆయన వినేసరికి వీడు శిక్ష పూర్తిచేసుకుని నడిచొస్తాడు. అప్పుడు నిర్దోషివని చెప్పి ఏం చేస్తారు, ఆ కాగితం పటం కట్టించుకోమంటారా?”

“లోతైన విషయమక్కా. తొందరపడి రాసేది కాదు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు నాది. నా తీర్పు ఒక్కదాన్ని కూడా పై కోర్టు తప్పుపట్టలేదు.”

“రాస్తేగా పట్టడానికి. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ నీది ఇదే తంతు. విన్నావు, కట్టలు కట్టావు, బదిలీ ఆర్డరు రాగానే ఆ కట్టలు వెనకొచ్చినవాడి నెత్తిన పెట్టి ఇంకో మెట్టెక్కావు. మీ బావ బతికుండగానే అనేవారు, మీవాడు కలం కదపకుండా పైకొచ్చిన మనిషి అని.”

“బావకి నేనంటే ఎప్పుడూ పడలేదు.”

“ఆయన సంగతి వదిలేయ్. రేపు నువ్వు వేసుకునే నల్లకోటు భుజం దగ్గర పిగిలిందని మరదలు నాకిచ్చి పంపిందిగా. కుట్టిందెవరనుకున్నావ్?”

“ఎవరు?”

“ఆవిడే. చూపు ఆనడం లేదు, సూదిలోకి దారం నన్నెక్కించమంది. కోటు ఎవరిదో తెలుసు. నీతో ఒక్క మాట చెప్పమని కూడా అనలేదు. అక్కడే నాకు నీ మీద రోత పుట్టింది.”

“అంత మాటా?”

“చిన్న మాటే అన్నాను. నేను చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించినవాడివని ఊరుకున్నా.”

“రేపు సభలో కూడా ఇలాగే మొహం పెట్టుకుని కూర్చుంటావా?”

“రానే రాను. ఆ పుస్తకం ఒకటి ఇలా పడెయ్. ఆవిడ కుట్టు మిషను ఓ పక్కకి ఒరిగి ఊగుతోంది, దాని కాలి కింద పెట్టుకుంటుంది. నీ చదువు ఒకరికైనా పనికొచ్చినట్టుంటుంది.”

“అక్కా... ఆగు. వెళ్ళకు.”

“ఎందుకు?”

“స్టెనో వరండాలోనే ఉన్నాడు, సభకి పిలుపులు సరిచూస్తున్నాడు. పిలుస్తాను. ఇప్పుడు మొదలుపెడితే ఆరింటికల్లా అయిపోతుంది. రేపు పదిన్నరకి కోర్టులో చదివేస్తాను. సరేనా?”

“ఇప్పటికి మనిషివనిపించావు. ఫైలేది?”

“ఇదిగో, అడుగున ఉంది. వాదనలప్పుడు రాసుకున్న నోటుబుక్కు కూడా దీంట్లోనే...”

“ఏం, ఆగిపోయావే? తిప్పు.”

“తిప్పుతున్నా.”

“ఏముంది?”

“ఆ రెండు రోజులూ... పుస్తకంలో మూడో అధ్యాయం నడుస్తోంది అప్పుడు. దానికి కావలసినవే రాసుకున్నట్టున్నా.”

“కేసు గురించి?”

“తారీఖు ఉంది.”

“అంతేనా?”

“అక్కా.”

“ఊఁ.”

“ఆ కుటుంబం నీకు బాగా తెలుసుగా. నువ్వే చెప్పు. వాడు తగలబెట్టాడంటావా, లేదంటావా?”

“వాదనలు విన్నది నువ్వురా.”