వెనక్కి నడిచిన జావా

గంగరాజు ఎడమ చీలమండకి కట్టు కట్టి పది రోజులైంది. ఈ పది రోజుల్లో దాని వెనకున్న కథ నాలుగుసార్లు వాచింది. కాలు మాత్రం డాక్టరు చెప్పినట్టే తగ్గుతోంది.

పోర్టులో ముప్ఫై మూడేళ్ళు క్రేను నడిపి రిటైరైన మనిషి. గాజువాకలో దుర్గారావు మెకానిక్ షెడ్డు పక్కన, ఈశ్వరి టీ బడ్డీ బల్ల మీద కట్టు కాలు చాపుకుని, ఊరంతా తన మాట కోసమే పని మానుకుందన్నట్టు కూర్చున్నాడు. ఎదురుగా స్టాండు మీద ఆయన పాత జావా మోటారుసైకిలు. బల్ల మీద రెండు అట్టపెట్టెలు.

ఆ పెట్టెల కోసమే ఈ పంచాయితీ. పాత బండిలో ప్లగ్గుకి ఎప్పుడు నిప్పు అందాలో తేల్చేవి పాయింట్లు, రెండు చిన్న లోహపు ముక్కలు. వాటి మధ్య సందు సరిగ్గా కుదరకపోతే కిక్కు కొట్టిన కాలిని బండి ఎదురు తంతుంది. తన్నింది కూడా. ఇంకోసారి తంతే ఎముక మాట నన్నడక్కండన్నాడు డాక్టరు. వాటి బదులు ఆ పెట్టెల్లోని ఎలక్ట్రానిక్ కిట్టు బిగిస్తే సందూ ఉండదు, దాన్ని సవరించే పనీ ఉండదు.

గంగరాజు ససేమిరా అంటున్నాడు. ఎందుకో ఆయన పెళ్ళాం సూర్యకాంతమ్మకి తెలుసు. ఏడాదిగా ఆయన ఆ సందుని చూసి పెట్టడం లేదు, తడిమి పెడుతున్నాడు. కళ్ళు మసకబారాయి. కళ్ళజోడు కొనిస్తే బీరువా మీద పారేశాడు. పోర్టులో సగం బళ్ళకి పాయింట్లు సవరించిన చెయ్యి అది. కిట్టు బిగించుకోవడమంటే ఆ చెయ్యి పని అయిపోయిందని పదిమందిలో ఒప్పుకోవడం. మగవాడికి ఎముక విరగడం అంతకంటే తేలిక. అందుకే ఆయన నోటితో "సరే" అనిపించందే లేవకూడదని ఆవిడ బల్ల చివర బైఠాయించింది.

"రెండు రకాలు బావా," అన్నాడు దుర్గారావు, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ. "ఇదైతే పాయింట్లు తీసీసి వాటి సోట్లో బిగించీడమే. డైనమో, వైరింగు అన్నీ పాతవే. రెండోదైతే డైనమోతో సహా మొత్తం మార్సీయాల. లైటు తెల్లగా పగల్లాగుంటాది. ఏది కావాలో సెప్పు."

"సెప్తాను. ముందు ఈ కాలు సంగతి ఇను," అన్నాడు గంగరాజు.

"మొన్న ఇన్నాం కదా," అంది ఈశ్వరి.

"మొన్న పైపైన సెప్పినాను."

ఆటో తవిటయ్య నవ్వుతూ ముందుకి జరిగాడు. వీళ్ళని తెచ్చింది అతని ఆటోలోనే.

"ఆ రోజు పొద్దున్నే కిక్కు కొట్టినాను. బండి ఎదురు తన్నీసింది, మరో మనిషైతే పడిపోవును, నాను నిలబడ్డాను, సూద్దును గదా ఇంజను తిరగతంది, కానీ ఎనక్కి తిరగతంది!"

"అది అబద్ధం కాదు," అన్నాడు దుర్గారావు. "టైమింగు తప్పితే ఇలాటి ఇంజన్లు ఉల్టా తిరగతాయి."

ఆ ఒక్క సాక్ష్యం చాలు, గంగరాజుకి రెక్కలొచ్చాయి.

"ఫస్టు గేరేసినాను. బండి ఎనక్కెల్లింది. సెకండేసినాను, ఇంకా ఎనక్కెల్లింది. మెడ తిప్పి సూసుకుంటా సందులోంచి హైవే ఎక్కీసినాను. ఎన్నేడీ జంక్షన్ దగ్గర పోలీసు ఆపడానికి సెయ్యెత్తి, నా తోలడం సూసి ఆ సెయ్యి అలాగే నుదుటికి పెట్టి సెల్యూట్ కొట్టీసినాడు. ఆ తర్వాతేటైందో తెలుసా? మీటర్లో కిలోమీటర్లు తగ్గిపోతన్నాయి. ట్యాంకు మూత తీసి సూసినాను, పెట్రోలు పెరిగిపోతంది!"

"ఓలమ్మో, నా ఆటోకి కూడా అలాగ సెయ్యు బావా," అన్నాడు తవిటయ్య.

"పొగ కూడా ఒరే! రోడ్డు మీదున్న పొగంతా వచ్చి సైలెన్సర్లోకి దూరిపోతంది. నా ఎనక వచ్చినోళ్ళందరికీ దగ్గులు తగ్గిపోనాయి. సర్లే అని తిరిగి సూద్దును గదా, ఫ్లైఓవరు లేదు! ఇప్పుడే దిగినాను దాని మీంచి. మద్దిలపాలెం దాటేసరికి అపార్టుమెంట్లు ఒక్కో అంతస్తే ఊడి కిందకొచ్చీసినాయి. రుషికొండ కాడ అద్దాల మేడలు కరిగిపోయి సరుగుడు తోటలు లేసినాయి. ఆ గాలి సప్పుడు ఇనుంటే మీకు తెలుస్తాది, సముద్రమూ సరుగుళ్ళూ ఎవరిదేదో తేల్చలేం. ఆనందపురం కాడ నా జుత్తు నల్లబడిపోనాది. ఊడిన పన్ను మొలిసీసింది. ఒంటి మీద ఫ్యాంటు కింద ఎడల్పైపోయి రెండు గొడుగుల్లాగ కొట్టుకుంటంది."

ఈశ్వరి టీ వడగట్టడం మానేసి నవ్వుతోంది. సూర్యకాంతమ్మ నవ్వలేదు. సరుగుళ్ళ దగ్గర ఆయన గొంతు కాస్త జారింది, అది ఆవిడకొక్కదానికే పట్టుబడింది.

"మళ్ళీ పోర్టుకొచ్చినాను. ఓడలన్నీ ఎనక్కెల్లిపోతన్నాయి. రిటైరైనోళ్ళు, సచ్చిపోయినోళ్ళు అందరూ గేటు కాడ నిలబడి, గంగరాజా, పాయింట్లు సూడరా అని కేకలు. అందరివీ ఒంటి సేత్తో సవరించీసినాను, బండి ఆపకుండానే. ఎనభయ్యారుకొచ్చినాను. క్వార్టర్స్ గుమ్మంలో మా సూరి, సిలకాకుపచ్చ కోక, తల్లో కనకాంబరాలు. పెళ్ళై వారం. ఎక్కు సూరీ అన్నాను. ఎక్కింది. బండి ఎనక్కి పోతంది గదా, ఎనక సీటే ముందు! ఊరంతా సూసింది, పెళ్ళాన్ని ముందు కూకోబెట్టుకున్న మగాణ్ణి. బీచి రోడ్డు సాల్లేదు. కెరటాలు ఎనక్కి తగ్గతన్నాయి, వాటితోపాటే సముద్రం మీద తోలీసినాను. డాల్ఫిన్ నోస్ కొండ పక్కకి జరిగి దారిచ్చింది! ఇప్పుడు సెప్పండ్రా. పాయింట్లుంటేనే బండి ఎనక్కెల్తాది. ఈ డబ్బా బిగిస్తే ఎల్తాదేటి?"

దుర్గారావు సూర్యకాంతమ్మ వైపు చూశాడు.

"మావా," అంది ఆవిడ. "ఎనభయ్యారులో మనకి బండెక్కడిది?"

గంగరాజు టీ గ్లాసు అందుకున్నాడు. ఆవిడ ఆపలేదు.

"తొంభై రెండులో కొన్నావు ఈ జావా. పెద్దది కడుపులో ఉంది. పెళ్ళైన వారానికి నన్ను రుషికొండ తీసుకెల్లింది మీ పక్కింటోళ్ళ సైకిలు మీద. సగం దారిలో సైను తెగిపోనాది. దిగుతానంటే దిగనిచ్చినావా? కోక మాసిపోద్దని నన్ను సీటు మీదే ఉంచీసి, ఎండలో రుషికొండ దాకా తోసినావు. మళ్ళీ ఇంటి దాకా తోసినావు. మర్నాడు డ్యూటీలో సేతులు లేవలేదు నీకు. ఆ మాట ఎవుడికీ సెప్పవు. సముద్రం మీద తోలినానని సెప్తావు."

తవిటయ్య గంగరాజు వైపు తిరిగాడు. "నిజమా బావా? రుషికొండ దాకా?"

గంగరాజు గ్లాసు అడుగున మిగిలిన టీ వంక చూశాడు.

"సైకిలు పెడలు ఎనక్కి తొక్కితే సక్రం తిరగదు కదే సూరీ," అన్నాడు మెల్లగా. "ఆ రోజుకి ఎలా ఎల్దును?"

ఆవిడ రెండు పెట్టెలూ ఆయన వైపు జరిపింది.

ఆయన చెయ్యి సాగింది. రెండు పెట్టెల్లో చిన్నది తీసుకున్నాడు, డైనమో కదపక్కర్లేనిది. చాచి పట్టుకుని చూశాడు. ముక్కు దగ్గరికి తెచ్చి చూశాడు. వెలుగు వైపు తిప్పి చూశాడు. దుర్గారావు, తవిటయ్య, ఈశ్వరి, ముగ్గురూ చూస్తున్నారు. ఆ ముగ్గురి ముందే ఆయన ఆ పెట్టెని పెళ్ళాం ఒళ్ళో పెట్టాడు.

"మన బండి ఆరు వోల్టులు," అన్నాడు. "దీని మీద ఎంతని రాసినారో సదువు. నాకు కనబడ్డం లేదు."