సుంకులమ్మ లేదు

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం తండ్రీ కూతురూ ఒకే బెంచీ మీద కూచున్నారు గానీ, మధ్యలో ఇంకో ఇద్దరు పట్టేంత చోటు వదిలిపెట్టారు. బ్లెస్సీ ఇప్పుడే హైదరాబాదు కాలేజీ వాళ్లతో ఫోన్లో మాట్లాడి పెట్టేసింది.

"సచ్చిపోయిందని రాసుకున్యారంట నాయనా."

"ఎవురు?"

"నేను."

"నువ్వు యాడ సచ్చినావు? పక్కనే కూచోని నోరేసుకొని పడ్తాండావు గదా."

"హైదరాబాదులో సచ్చిపోయినా. సీటిచ్చినారంట. మెరిట్ స్కాలర్‌షిప్ గూడా ఇచ్చినారంట. చదువు, హాస్టలు, తిండి, అన్నీ వాళ్లవే. వస్తాందా లేదా అని అడిగేదానికి పోయిన వారం మనింటికి ఫోన్ చేసినారంట. 'సుంకులమ్మ లేదు, పోయింది' అని చెప్పి పెట్టేసినారంట."

"ఎవురు చెప్పినారో ఏమో."

"నేనిచ్చింది నీ నెంబరు. ఎవురో యాడ్నుంచి వస్తారు?"

"మెల్లగ మాట్లాడు. జనాలు చూస్తాండారు."

"చూడనీ. చెప్పినావా లేదా?"

"ఫోన్లు వస్తాంటాయి, పోతాంటాయి. శిల్పాల షెడ్డులో మిషన్ మోత నీకేం తెలుసు? చెవులో అరిచినా ఇనపడదు."

"ఇనపడకపోతే జవాబెట్ల చెప్తివి? చెప్పినావా లేదా నాయనా?"

"చెప్పినాలే! చెప్పినా. అయితే ఏందిప్పుడు? సుంకులమ్మ అంటే ఎవురు? మాయమ్మ. పోయిన ఎండాకాలం సమాధి చేసొస్తిమి గదా. పింఛనోళ్లో, బ్యాంకోళ్లో అనుకున్యా. ఉన్న మాట చెప్పినా."

"నా పేరు గూడా అదే గదా."

"నీ పేరు బ్లెస్సీ. చర్చిలో అయ్యగారు నెత్తిన నీళ్లు పోసి పెట్టిన పేరు."

"సర్టిఫికెట్లలో?"

"అది మీ జేజి చేసిన ఘనకార్యం. బడిలో చేర్పిస్తానని నిన్ను పిల్చుకపోయి, సారు పేరేందని అడిగితే, తన పేరే అడుగుతాండాడనుకొని సుంకులమ్మ అని చెప్పొచ్చె. ముసిల్ది చేసిన దానికి నన్నంటే ఎట్ల?"

"మార్పిస్తా, మార్పిస్తా అంటివి. పదో తరగతి అయిపాయె, ఇంటర్ అయిపాయె. యాడ మార్పిచ్చినావు? రెండేండ్లు ఈ నంద్యాల హాస్టల్లో 'సుంకూ, సుంకూ' అని ఎక్కిరిస్తాంటే పడినా. ఏడ్చినా గూడా. ఆ పేరుతోనే చదివినా, ఆ పేరుతోనే సీటు తెచ్చుకున్యా. నువ్వు ఒక్క మాటతో సంపేస్తివి."

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు, పొరపాటని?"

"ఒగసారి గూడా చెప్పలే, పొరపాటని."

"ఇప్పుడు చెప్తాండా గదా."

"సరే. పొరపాటే. అయితే ఫోన్ చెయ్. ఐదింటికి ఆఫీసు మూస్తారంట. ఆ లోపల, పోయిందని చెప్పినోళ్లే మాట్లాడి, బిడ్డ ఉందని చెప్పాలంట. చెప్తే సీటు నిలబెడ్తారు. లేకుంటే నా ఎనకాల పిల్లకిచ్చేస్తారు."

"నా ఫోన్లో చార్జింగ్ లేదు."

"నా ఫోన్ ఉండాది."

"వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడ్తారు. నాకొస్తాదా?"

"తెలుగే. ఇప్పుడు నాతో తెలుగులోనే మాట్లాడిరి."

"ఇంటికి పోయి చేద్దాం పా. బస్సొచ్చె చూడు."

"రానీ. ఆళ్లగడ్డలో దిగేసరికి ఐదు దాటిపోతాది. నీకు తెలుసు."

"నాకేం తెలుసు?"

"తెలిసే పోదాం అంటాండావు. నువ్వు పట్టిన కుందేలికి మూడే కాళ్లు. నువ్వు చెయ్యవు. ఎందుకు చెయ్యవో గూడా నాకు తెలుసు. జాషువా అన్న కోసం."

"వాని పేరెత్తాకు."

"అన్న గూడా ఈ కాలేజీ పరీక్షే రాసినాడు. రెండుసార్లు రాసినాడు, రాలే. నాకు మొదటిసారికే వచ్చె. నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ చెయ్యాకు. నోరు మూసుకొని ఆళ్లగడ్డలో డిగ్రీలో చేరు. మొగోడు సెల్ షాపులో గ్లాసులు అతికిచ్చుకుంటా కూచుంటే, ఆడపిల్ల పెద్ద కాలేజీకి పోతాదంట! ఊరంతా ఏమంటాది? రేపు అన్నం కాడ వాని మొగం ఎట్ల చూసేది నేను?"

"అన్న మొగానికేమీ కాలే. పో పాపా, ఎనక్కి చూడాకు అని చెప్పిందే అన్న."

"వాడట్లనే అంటాడు. వానికి సిగ్గు లేదు. నాకుంది."

"ఉంటే పడు సిగ్గు. నేనొద్దన్యానా? ఫోన్ చేసి పడు."

"నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోతాందే నీకు! ఇంటర్‌కే ఇట్ల తయారైతివి, రేపు హైదరాబాదు పోతే నాయన అని గూడా అనవు నువ్వు."

"ఇంతసేపు అదే పిలుపు పిలుస్తాండా గదా. పలికితివా?"

"బస్సు కదుల్తాంది, పా."

"నాయనా. ఇట్ల చూడు. కొట్లాడే ఓపిక లేదు నాకు. నీ కాళ్లు పట్టుకుంటా. 'నా బిడ్డ ఉండాది మేడం, మాయమ్మ అనుకున్యా' అను. అంతే. ఇంకేమీ అడగను నిన్ను. పండక్కి బట్టలు గూడా అడగను."

"లేయ్. లేయ్ పైకి. నడి బస్టాండులో కాళ్ల మీద పడ్తావేందే, ఎవురన్నా చూస్తే నేనేదో నిన్ను కొట్టినాననుకుంటారు. ఇయ్యి ఫోను."

"నిజంగానా?"

"ఇయ్యమంటాంటే! ఇదేనా నెంబరు?"

"అదే. స్పీకర్ పెట్టు. మేడం ఎత్తితే నమస్కారం చెప్పు ముందు."

"నాకు నేర్పియ్యాకు. మోగుతాంది... ఇప్పుడు గూడా ఆయమ్మే ఎత్తుతాదా?"

"ఏ ఆయమ్మ?"

"ఆ పొద్దు చేసిన ఆయమ్మ. మర్యాద తెలిసిన మనిషే పాపం. నన్ను 'గారు' అనినోళ్లు ఈ భూమ్మీద ఎవురుండారు? నేను ఎత్తంగానే, 'నమస్కారమండీ, సుంకులమ్మ నాన్నగారేనా మాట్లాడేది' అనె."

"ఏమనె?"

"నాన్నగారేనా అనె."

"సుంకులమ్మ నాన్నగారేనా అనె."

"ఆ, అదే... ఎత్తరేందే వీళ్లు, మోగుతానే ఉండాది."

"నువ్వేమన్యావు?"

"అవునన్యా."

"జేజికి నువ్వు కొడుకువు. నాయనవు నాకు."